పాత డీజిల్ కారుకు కొత్త మైలేజీ? అపోహలు – వాస్తవాలు

జంషెడ్‌పూర్‌లో డీజిల్ ఇంజన్ ఊసెత్తని తెలుగు ఇల్లు తక్కువ. 1945లో టెల్కో ఇక్కడ రైలింజన్ల తయారీకి పుట్టింది. 1954లో డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి లారీల్లోకి దిగింది. ఆ ఫ్యాక్టరీలోనో, టాటా కమిన్స్‌లోనో, ఆదిత్యపూర్ షెడ్లలోనో పనిచేసి రిటైరైన మనవాళ్లు కద్మా, సోనారీ, టెల్కో కాలనీల్లో ఎందరో ఉన్నారు. వాళ్ల గుమ్మాల ముందు పాత ఇండికాలు, ఇండిగోలు, సుమోలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. డీజిల్ రేటు పెరిగినప్పుడల్లా వాటికి ఏదో ఒకటి బిగించి మైలేజీ పెంచుకోవాలనిపిస్తుంది. సలహాలకు కొదవ లేదు. వాటిలో చాలావరకు చేతి చమురు వదిలించేవే.

పాత డీజిల్ కారులో మనం నిజంగా పెంచుకోగలిగేది, అది కొత్తలో ఇచ్చి ఇప్పుడు ఇవ్వలేకపోతున్న మైలేజీని మాత్రమే. అరిగింది మార్చితే, చెదిరింది సరిచేస్తే అది తిరిగొస్తుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింది అపోహల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

అపోహ: ఇండికా మన ఊరి బండే, లారీ మిస్త్రీ ఎవరైనా సరిచేస్తాడు

ఇండికా ఇక్కడ తయారు కాలేదు. 1998 డిసెంబరు 30న విడుదలైన ఆ కారు పుణె ఫ్యాక్టరీలో పుట్టింది. ఇక్కడి ఫ్యాక్టరీది లారీల పని. తొలి ఇండికా డీజిల్ ఇంజన్ 1,405 సీసీ. దానికి టర్బో లేదు. డీజిల్ నేరుగా సిలిండర్లోకి కాకుండా ముందు ఒక చిన్న గదిలోకి చిమ్మి, అక్కడ అంటుకుని, తర్వాత సిలిండర్లోకి వస్తుంది. ఆ గది గోడలు కొంత వేడిని లాగేసుకుంటాయి కాబట్టి ఈ రకం ఇంజన్ చల్లబడటాన్ని అసలు ఓర్చుకోదు. ఇప్పటి లారీ ఇంజన్ టర్బో ఉన్నది, డీజిల్ నేరుగా సిలిండర్లోకే చిమ్మేది. లారీ దగ్గర నేర్చిన చిట్కాలు తెచ్చి కారుకు అంటగట్టడంతోనే మన ఊళ్లో నష్టమంతా మొదలవుతుంది.

అపోహ: పంపు స్క్రూ తిప్పి డీజిల్ తగ్గిస్తే మైలేజీ పెరుగుతుంది

ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగే పని, అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేదీ ఇదే. మైకో కంపెనీ డీజిల్ పంపు మీద ఉండే ఆ స్క్రూ, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు గరిష్ఠంగా ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయిస్తుంది. సాకచీ నుంచి బిష్టుపూర్‌కు మామూలుగా వెళ్లేటప్పుడు ఆ గరిష్ఠం దరిదాపులకు కూడా పోము. తగ్గించినందువల్ల పికప్ చచ్చిపోతుంది, చిన్న ఎత్తుకే గేరు దించాల్సి వస్తుంది, పెడల్ ఎక్కువ తొక్కుతాం. మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది. పెంచినా ఇబ్బందే. ఉన్న గాలికి మించి డీజిల్ వెళితే కాలకుండా నల్లపొగగా బయటికొస్తుంది. నల్లపొగ అంటే మన డబ్బే పొగగొట్టంలోంచి పోవడం. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే టైమింగో, కంప్రెషనో చూడాలి. నీలంపొగ ఇంజన్ ఆయిల్ కాలుతోందని చెబుతుంది.

స్క్రూ మీద చెయ్యి పడే ముందు నాజిళ్లు విప్పించాలి. డీజిల్ పంపు పని చేసేవాళ్ల దగ్గర చేత్తో నొక్కే టెస్టరు ఉంటుంది. నాజిల్‌ను దానికి బిగించి, మీటరు చూస్తూ పిడి నొక్కుతారు. బాగున్న నాజిల్ కర్రుకర్రుమని శబ్దం చేస్తూ పొగమంచులా చిమ్మి ఠక్కున ఆగిపోతుంది. పాడైనది సన్నటి ధారగా కారుతుంది, ఆగాక కూడా మొన మీద ఒక బొట్టు నిలుస్తుంది. ఆ బొట్టు సిలిండర్లో సరిగా కాలదు. పక్కన నిలబడి నాలుగు నాజిళ్లూ కళ్లారా చూడండి. ఇంజనంతా వెతికినా దొరకని జబ్బు అక్కడ నిమిషంలో తెలుస్తుంది. నాజిళ్లు మార్చి, ఒత్తిడి, పంపు టైమింగ్, టాపెట్లు కంపెనీ లెక్కకు తెస్తే వచ్చే తేడాకు ఏ పరికరమూ సాటి రాదు.

అపోహ: థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ చల్లగా ఉండి తక్కువ తాగుతుంది

మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరువయ్యే ఊరు కాబట్టి ఈ మాట చప్పున నమ్మకం కలిగిస్తుంది. కానీ థర్మోస్టాట్ వాల్వ్ ఉన్నది, ఇంజన్ త్వరగా వేడెక్కి ఆ వేడి దగ్గరే నిలబడటానికి. అది తీసేస్తే జనవరి పొద్దుటిపూట ఇంజన్ ఊరు దాటేదాకా చల్లగానే ఉంటుంది, డీజిల్ సరిగా కాలదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. బండి వేడెక్కుతోందంటే రేడియేటర్, ఫ్యాను, వాటర్ పంపు చూడాలి.

పొద్దున్నే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచడమూ ఇలాంటిదే. ఐడ్లింగ్‌లో డీజిల్ కొంచెమే కాలుతుంది కనుక ఇంజన్ చాలాసేపు వేడెక్కదు. అర నిమిషం ఆగి మెల్లగా బయల్దేరితే త్వరగా వేడెక్కుతుంది.

అపోహ: దిగుడులో న్యూట్రల్ వేస్తే డీజిల్ ఆదా

రాంచీ దారిలో తైమారా ఘాటీ దిగేవాళ్లు దయచేసి ఇది చదవాలి. గేరులో ఉండి పెడల్ వదిలితే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. అప్పుడు పాత పంపులోని గవర్నర్ కూడా డీజిల్‌ను పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ కాల్చక తప్పదు. ఘాట్ రోడ్డు మీద న్యూట్రల్ ఖర్చు పెంచే పనే. ఇంజన్ ఆపేయడం అంతకంటే ప్రమాదం. డీజిల్ ఇంజన్‌లో బ్రేకుకు కావలసిన వ్యాక్యూమ్‌ను ఒక పంపు తయారుచేస్తుంది. ఇంజన్ ఆగితే అదీ ఆగుతుంది, రెండు మూడుసార్లు తొక్కాక బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. రూపాయి డీజిల్ కోసం కుటుంబాన్ని ఆ స్థితిలోకి తీసుకెళ్లకండి.

అపోహ: అయస్కాంతం, హైడ్రోజన్ కిట్, కిరోసిన్, టూటీ ఆయిల్ ఏదో ఒకటి పనిచేస్తుంది

డీజిల్ పైపుకు బిగించే అయస్కాంతం డీజిల్‌ను ఏమీ చేయదు. నీళ్లలోంచి హైడ్రోజన్ తీసే కిట్ కరెంటు ఆల్టర్నేటర్ నుంచి లాగుతుంది, ఆల్టర్నేటర్‌ను తిప్పేది అదే డీజిల్, మార్పిడి జరిగే ప్రతి చోటా కొంత పోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటివి వందకు పైగా పరిశీలించింది. మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఒక్కటీ కనిపించలేదు, కొన్ని పొగ కాలుష్యాన్ని పెంచాయి.

కిరోసిన్ లీటరుకు డీజిల్ కన్నా తక్కువ శక్తి ఇస్తుంది, జిడ్డు తక్కువ. పంపు లోపలి భాగాలకు నూనె పెట్టేది డీజిలే కనుక కిరోసిన్ కలిపితే పంపు అరుగుతుంది. రేషన్ కిరోసిన్ బండిలో పోయడం చట్టరీత్యా నేరం కూడా. టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల ఆయిల్) సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎమ్‌కు తగ్గింది, దాంతో జిడ్డు పోయిందని, పాత పంపు పాడవుతుందని భయంతో దాన్ని పోస్తారు. ఆ లోటు తీరడానికి రిఫైనరీలోనే మందు కలుపుతారు, ఎంత జిడ్డు ఉండాలో ప్రమాణమూ ఉంది. ఇంకేమీ పోయనక్కర్లేదు.

ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పడిపోతుందని అందరూ అనుకునేది మాత్రం కొంత నిజం. ఫిల్టర్ మూసుకుపోయినా కొత్త తరం పెట్రోలు కార్ల మైలేజీ పెద్దగా పడిపోదని అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. టర్బో లేని పాత డీజిల్‌కు అది వర్తించదు. గాలి తగ్గినా పంపు డీజిల్ తగ్గించదు, నల్లపొగ వస్తుంది. ఆదిత్యపూర్ దుమ్ములో తిరిగే బండికి కంపెనీ ఫిల్టర్ తరచూ మార్చడం మంచిది. ఖరీదైన ‘ఫ్రీ-ఫ్లో’ ఫిల్టర్ అక్కర్లేదు.

అపోహ: మైలేజీ అంతా ఇంజన్‌లోనే ఉంది

సంక్రాంతికి బహరాగోడా, బాలేశ్వర్, భువనేశ్వర్ మీదుగా శ్రీకాకుళమో విశాఖో వెళ్లే కారును చూడండి. పైన క్యారియరు, దాని మీద పెట్టెలు, బియ్యం మూటలు. పెద్ద పెట్టె ఒక్కటి నెత్తిన పెట్టుకున్నా హైవే మీద మైలేజీ 6 నుంచి 17 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. పండగయ్యాక ఖాళీ క్యారియరు కూడా విప్పేయాలి. అందులో పైసా ఖర్చు లేదు. టైర్లలో గాలి ఒక్కో పీఎస్ఐ తగ్గితే పోయేది సుమారు 0.2 శాతమే. అయినా ఎనిమిది పది తగ్గేదాకా చూడని ఇళ్లే ఎక్కువ. మానగో జామ్ దాటి ఇంటికొచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. జతలో ఒకటి మిగతాదానికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుని ఉంది.

వెడల్పు టైర్లు బరువు, రాపిడి పెంచుతాయి. పైగా చక్రం చుట్టుకొలత మారితే మీటరు చూపే కిలోమీటర్లే తప్పు. చిన్న టైరు వేసి మైలేజీ పెరిగిందని మురిసినవారిని మోసం చేసింది ఆ మీటరే. ఒకే బంకులో, పంపు మొదటిసారి ఆగేదాకా నింపించి, మూడు నాలుగు ట్యాంకులకు సగటు కడితేనే నమ్మొచ్చు.

అపోహ: నా బండి నా ఇష్టం

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినవాటితో విభేదించేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నాజిల్, ఫిల్టర్, థర్మోస్టాట్ కంపెనీవే కొత్తవి వేయించుకోవడం ఇందులోకి రాదు. పదేళ్లకే డీజిల్ కార్లను ఆపే నియమం ఢిల్లీ ప్రాంతానిది, జార్ఖండ్‌ది కాదు. ఇక్కడ సొంత కారుకు పదిహేనేళ్ల తర్వాత డీటీఓ ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. ఆ పరీక్షకు వెళ్లే ముందు నాజిళ్ల పని చేయించిన బండి పొగ పరీక్షలో కూడా సులువుగా గట్టెక్కుతుంది.