తుడిస్తే చాలదు.. తలుపు మూయాలి!

హ్యాకైన వెబ్‌సైటుకు డేటాబేసే ఆయువుపట్టు

వై.ఎన్.హొసకోట: పడుగులో ఒక పోగు చెడితే నేసిన మేర కత్తిరించి పారేస్తే సరిపోదు. పోగు సరిచేయకుంటే తర్వాతి చీరలోనూ అదే మచ్చ. పట్టుచీరల ఊరైన వై.ఎన్.హొసకోటలో ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. హ్యాకర్ల చేతిలో పడ్డ వెబ్‌సైటు కథా అంతే. పైకి కనిపించే చెత్త తీసేసి హమ్మయ్య అనుకుంటే నాలుగు రోజులకే మళ్లీ మొదటికి రావచ్చు. దొంగ లోపలి డేటాబేసులోనూ నక్కి ఉంటాడు మరి!

చీరలు అమ్మే సైటునే తీసుకుంటే.. ఏ చీర ధర ఎంత, ఎవరు కొన్నారు, వారి ఫోను నంబరు, ఇంటి చిరునామా అన్నీ పట్టికలుగా ఉండే చోటే డేటాబేసు. దుకాణంలో ఖాతా పుస్తకం లాంటిదన్నమాట. అది పరులపాలైతే నష్టం యజమానితో ఆగదు. కొన్న చీర రంగుతో సహా చెప్పి ‘డెలివరీ ఛార్జి కట్టండి’ అని ఎవరైనా ఫోను చేస్తే కొన్నవారు నమ్మేస్తారు. ఏళ్ల తరబడి సంపాదించిన పేరు ఒక్క ఫోనుతో పోతుంది.

సర్కారు సైటుకే కన్నం

2019లో కర్ణాటక ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ వెబ్‌సైటులోకే హ్యాకర్లు చొరబడ్డారు. టెండరుదారులు కట్టిన ధరావతు సొమ్ములో రూ.11.5 కోట్ల మేర వేరే ఖాతాలకు మళ్లింది. కేసు సీఐడీ దాకా వెళ్లింది.

బ్రిటన్‌లో టాక్‌టాక్ అనే టెలికాం కంపెనీది మరో పాఠం. 2015 అక్టోబరులో 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు పోయాయి. కంపెనీ మరో సంస్థను కొన్నప్పుడు వెంట వచ్చి, ఎవరూ పట్టించుకోని పాత పేజీల్లోంచే దొంగలు దూరారు. వాడిన ఎత్తు ‘ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్’. అంటే పేరో నంబరో రాయాల్సిన గడిలో డేటాబేసుకు అర్థమయ్యే ఆదేశం రాయడం. సైటు దాన్ని అలాగే లోపలికి పంపితే డేటాబేసు ఉన్నదంతా ఒప్పజెప్పేస్తుంది. లోపం సరిచేసే ప్యాచ్ మూడేళ్ల ముందే వచ్చినా వేయలేదు. 2016లో 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది.

శుభ్రం చేసేదిలా..

* ముందు సైటును జనానికి కనిపించకుండా ఆపాలి. ఫైళ్లు, డేటాబేసు, లాగ్‌లు ఉన్నవి ఉన్నట్టు నకలు తీసి పెట్టాలి. రేపు కేసు పెడితే సాక్ష్యం అవే.

* వైరస్ లేదని తేలిన కంప్యూటరు నుంచే హోస్టింగ్, ఎఫ్‌టీపీ, డేటాబేసు, అడ్మిన్ పాస్‌వర్డులన్నీ మార్చాలి.

* డేటాబేసులో వాడుకదారుల పట్టిక చూడాలి. ఎవరో తెలియని అడ్మిన్ ఉంటే తొలగించాలి. మిగతా పట్టికల్లో ‘స్క్రిప్ట్’, ‘ఐఫ్రేమ్’ లాంటి కోడు వెతికి, పెట్టకూడని చోట ఉంటే తీసేయాలి.

* సైటు సాఫ్ట్‌వేరును అసలు చోటు నుంచి కొత్తగా దించుకుని వేయాలి. వాడని ప్లగిన్లు, పాత పేజీలు పీకేయాలి.

* గడుల్లో రాసింది ఆదేశంగా మారకుండా కోడు మార్పించాలి. డేటాబేసు ఖాతాకు పనికి సరిపడా అధికారమే ఇవ్వాలి.

నకలు ఉంటేనే నిబ్బరం

బ్యాకప్ ఉంది కదా అని ధీమా పడితే కుదరదు. దొంగ పోయిన నెలలో దూరితే నిన్నటి బ్యాకప్‌లోనూ వాడు ఉంటాడు. అందుకే చొరబాటు ఎప్పుడు జరిగిందో లాగ్‌లలో తేల్చుకుని, అంతకు ముందటి నకలే వాడాలి. నకలు ఆ సర్వర్లోనే కాకుండా వేరే చోట దాచాలి. అప్పుడప్పుడూ తెరిచి పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో సంస్థలు సమాచారం ఇవ్వాలి. కొన్నవారికీ విషయం చెప్పేయడం మేలు. పరువు పోతుందని దాచిపెడితే, వాళ్లు మోసపోయాక పోయే పరువు అంతకంటే పెద్దది.