దాఖలైన ఆదాయపు పన్ను రిటర్నులో దోషాల సవరణ: చట్టపరమైన మార్గాలు - పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆదాయపు పన్ను రిటర్నును దాఖలు చేసిన తరువాత అందులో దోషం బయటపడితే దానిని సరిదిద్దుకొనే మార్గాలను 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం పలు సెక్షన్లలో పొందుపరచింది. ఏ మార్గాన్ని అనుసరించాలన్నది మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది: దోషం ఎవరిది, అది ఎప్పుడు బయటపడింది, దాని వలన నష్టపోయినది ఎవరు. 2025-26 మదింపు సంవత్సరాన్ని ఉదాహరణగా తీసుకొని, కళాశాల అధ్యాపకులకు, పరిశోధకులకు ఎదురయ్యే సందర్భాల ఆధారంగా ఈ మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆదాయపు పన్ను, సవరించిన రిటర్ను, నవీకరించిన రిటర్ను, దోష సవరణ, మదింపు సంవత్సరం.

1. ఉపోద్ఘాతం:

భారతదేశంలో ఆదాయపు పన్ను వ్యవస్థ స్వీయ ప్రకటనపై ఆధారపడినది. పన్ను చెల్లింపుదారుడు తన ఆదాయాన్ని తానే లెక్కించి, పన్నును తానే నిర్ధారించుకొని ప్రకటిస్తాడు. ఇటువంటి వ్యవస్థలో దోషాలు సహజం. వేతనజీవులైన అధ్యాపకుల రిటర్నులలో సాధారణంగా కనిపించే దోషాలు కొన్ని ఉన్నాయి. ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీని చూపకపోవడం, జవాబుపత్రాల మూల్యాంకన పారితోషికాన్ని మరచిపోవడం, పాత బకాయిలపై సెక్షన్ 89 ఉపశమనాన్ని కోరుతూ ఫారం 10ఇ సమర్పించకపోవడం, అర్హమైన మినహాయింపును వదిలివేయడం వంటివి వాటిలో ముఖ్యమైనవి.

వీటన్నింటికీ ‘రివైజ్డ్ రిటర్ను వేస్తే సరిపోతుంది’ అన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. అది పాక్షిక సత్యం మాత్రమే.

2. సవరించిన రిటర్ను - సెక్షన్ 139(5):

రిటర్నులో ఏదైనా విస్మరణ గాని, తప్పుడు వివరం గాని ఉన్నట్లు గుర్తించిన వ్యక్తి దానిని సవరించి మళ్లీ దాఖలు చేయవచ్చునని సెక్షన్ 139(5) చెబుతున్నది. 2025-26 మదింపు సంవత్సరానికి, అనగా 2024-25లో ఆర్జించిన ఆదాయానికి, ఈ గడువు 2025 డిసెంబరు 31. అంతకు ముందే మదింపు పూర్తయితే ఆ తేదీతోనే అవకాశం ముగుస్తుంది. గడువు దాటిన తరువాత సెక్షన్ 139(4) కింద వేసిన ఆలస్యపు రిటర్నును కూడ ఈ విధంగా సవరించవచ్చు.

సవరించిన రిటర్నులో మొదటి రిటర్ను రసీదు సంఖ్యను, దాఖలు తేదీని పేర్కొనాలి. ఇది మొదటి రిటర్నుకు అనుబంధం కాదు. దాని స్థానాన్ని పూర్తిగా ఆక్రమిస్తుంది. కనుక మారిన అంశాన్ని మాత్రమే కాక అన్ని వివరాలను మళ్లీ నింపాలి. దాఖలు చేసిన 30 రోజులలోగా ధ్రువీకరించాలి. గడువులోగా ఎన్నిసార్లయినా సవరించవచ్చు. రిఫండు వచ్చినంత మాత్రాన ఈ హక్కు పోదు. సెక్షన్ 143(1) కింద వచ్చే సమాచార పత్రం మదింపు ఉత్తర్వు కాదని రాజేశ్ ఝవేరీ స్టాక్ బ్రోకర్స్ కేసులో 2007లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మరచిన మినహాయింపును మదింపు అధికారికి లేఖ ద్వారా తెలిపితే చాలునా అన్న ప్రశ్నకు గోయెట్జ్ (ఇండియా) కేసులో 2006లోనే సమాధానం లభించింది. సవరించిన రిటర్ను ద్వారా తప్ప కొత్త క్లెయిమును మదింపు అధికారి స్వీకరించజాలడని న్యాయస్థానం తేల్చింది. అయితే అప్పిలేట్ ట్రిబ్యునల్ అధికారాలకు ఈ పరిమితి వర్తించదని కూడ పేర్కొన్నది.

3. శాఖ గుర్తించిన దోషాలు:

రిటర్ను అసంపూర్ణంగా ఉన్నదని శాఖ భావిస్తే సెక్షన్ 139(9) కింద నోటీసు ఇస్తుంది. 15 రోజులలోగా, లేదా అధికారి పొడిగించిన గడువులోగా, లోపాన్ని సరిదిద్దాలి. లేనిపక్షంలో ఆ రిటర్ను చెల్లనిదవుతుంది. అసలు దాఖలు చేయనట్లే పరిగణిస్తారు. కనుక ఈ నోటీసును నిర్లక్ష్యం చేయడం మూల దోషం కంటే ప్రమాదకరం.

బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం పంపే 143(1) సమాచార పత్రంలో దోషం ఉంటే సెక్షన్ 154 కింద సవరణ కోరవచ్చు. కోతపడిన టీడీఎస్‌ను లెక్కలోకి తీసుకోకపోవడం దీనికి తగిన ఉదాహరణ. ఉత్తర్వు వెలువడిన ఆర్థిక సంవత్సరం ముగిసిన నాటి నుండి నాలుగేళ్లలోగా ఈ సవరణ జరగవచ్చు. దరఖాస్తు అందిన నెల ముగిసినప్పటి నుండి ఆరు నెలలలో అధికారి నిర్ణయం తీసుకోవాలి.

అయితే 154 పరిధి పరిమితమైనది. దోషం ‘రికార్డు నుండి స్పష్టంగా కనిపించేది’ కావాలి. సుదీర్ఘ తర్కంతో నిరూపించవలసినది, రెండభిప్రాయాలకు తావున్నది అటువంటి దోషం కాదని వోల్కార్ట్ బ్రదర్స్ కేసులో 1971లో సుప్రీంకోర్టు నిర్వచించింది. రిటర్నులో అసలు కోరని మినహాయింపు రికార్డులోనే లేదు గనుక, దానిని 154 ద్వారా కొత్తగా కోరడం సాధారణంగా ఫలించదు.

4. నవీకరించిన రిటర్ను - సెక్షన్ 139(8ఏ):

సవరణ గడువు ముగిసిన తరువాత ఆదాయాన్ని తక్కువగా చూపినట్లు తెలిస్తే ఐటీఆర్-యు ఫారం ద్వారా నవీకరించిన రిటర్నును దాఖలు చేయవచ్చు. ఈ విధానాన్ని 2022 ఫైనాన్స్ చట్టం ప్రవేశపెట్టింది. మొదట 24 నెలలుగా ఉన్న గడువును 2025 ఫైనాన్స్ చట్టం 48 నెలలకు పొడిగించింది. ఈ గడువును సంబంధిత మదింపు సంవత్సరం ముగింపు నుండి లెక్కిస్తారు. చెల్లించవలసిన పన్ను, వడ్డీల మొత్తంపై అదనపు పన్ను ఉంటుంది. 2025-26 మదింపు సంవత్సరానికి ఆ రేట్లు ఇవి:

- 2027 మార్చి 31 వరకు 25 శాతం
- 2028 మార్చి 31 వరకు 50 శాతం
- 2029 మార్చి 31 వరకు 60 శాతం
- 2030 మార్చి 31 వరకు 70 శాతం

ఉదాహరణకు, చూపని డిపాజిట్ వడ్డీపై పన్ను, దానిపై వడ్డీ కలిపి 20,000 రూపాయలు అయిందనుకుందాం. మొదటి దశలో అదనంగా 5,000, రెండవ దశలో 10,000, చివరి దశలో 14,000 రూపాయలు చెల్లించవలసి వస్తుంది. ఆలస్యంతో వడ్డీ కూడ పెరుగుతుంది గనుక వాస్తవ భారం ఇంతకంటే ఎక్కువే. ఒక మదింపు సంవత్సరానికి ఒక్కసారి మాత్రమే ఈ అవకాశం ఉంటుంది.

ఇందులోని కీలకాంశం మరొకటి. పన్ను బాధ్యతను తగ్గించేందుకు గాని, రిఫండును పెంచుకొనేందుకు గాని నవీకరించిన రిటర్నును వినియోగించుకొనే వీలు లేదు. ప్రభుత్వానికి నష్టం కలిగించిన దోషాన్ని దిద్దుకోవడానికి నాలుగేళ్లు, తనకు నష్టం కలిగించుకొన్న దోషాన్ని దిద్దుకోవడానికి డిసెంబరు 31 వరకే అన్నది దీని సారాంశం.

5. అధికంగా పన్ను చెల్లించినవారి పరిస్థితి:

విద్యావ్యయం నిమిత్తం మంజూరైన స్కాలర్‌షిప్‌కు సెక్షన్ 10(16) మినహాయింపు ఉంది. ఒక పరిశోధకురాలు అటువంటి మొత్తాన్ని పొరపాటున వేతనంగా చూపి పన్ను చెల్లించి, 2026 ఫిబ్రవరిలో ఆ సంగతి గుర్తించిందనుకుందాం. సవరణ గడువు ముగిసింది. ఐటీఆర్-యు ఆమెకు వర్తించదు. 154 కింద అది స్పష్టమైన దోషం కాదు.

సమాచార పత్రమే ఆలస్యంగా రావడం మరొక చిక్కు. 2025 సెప్టెంబరులో దాఖలైన రిటర్నుకు దానిని పంపేందుకు శాఖకు 2026 డిసెంబరు 31 వరకు సమయం ఉంది. అంటే దోషాన్ని ఎత్తిచూపే పత్రం సవరణ గడువు ముగిసిన ఏడాదికి కూడ రావచ్చు.

ఇటువంటివారికి రెండు మార్గాలు మిగులుతాయి. మొదటిది సెక్షన్ 264. ఉత్తర్వు తెలిసిన ఏడాదిలోగా ప్రిన్సిపల్ కమిషనర్‌కు లేదా కమిషనర్‌కు పునఃపరిశీలన దరఖాస్తు చేసుకోవచ్చు. 143(1) సమాచార పత్రంపై కూడ ఈ సెక్షన్‌ను వినియోగించుకోవచ్చునని ఢిల్లీ హైకోర్టు 2016లో విజయ్ గుప్తా కేసులో తీర్పునిచ్చింది. రెండవది సెక్షన్ 119(2)(బి). యథార్థమైన ఇబ్బంది ఉన్నప్పుడు రిఫండు కోరడంలో జరిగిన జాప్యాన్ని మన్నించే అధికారం దీనివల్ల లభిస్తుంది. 2024 అక్టోబరు 1 నాటి 11/2024 సర్క్యులర్ ప్రకారం మదింపు సంవత్సరం ముగిసిన ఐదేళ్లలోగా దరఖాస్తు చేయాలి. ఇది హక్కుగా లభించేది కాదు, అధికారి విచక్షణకు లోబడినది. కనుక జాప్యానికి కారణాన్ని, మినహాయింపుకు అర్హతను పత్రాలతో నిరూపించాలి. ఫెలోషిప్ మంజూరు ఉత్తర్వు ఇక్కడ ప్రధాన ఆధారమవుతుంది.

చట్టబద్ధ అధికారం లేకుండా పన్ను వసూలు చేయరాదని రాజ్యాంగం 265వ అధికరణం శాసిస్తున్నది. పన్ను చెల్లింపుదారుల అజ్ఞానాన్ని అధికారులు అవకాశంగా తీసుకోరాదని అప్పటి కేంద్ర రెవెన్యూ బోర్డు 1955 ఏప్రిల్ 11 నాటి సర్క్యులర్‌లోనే ఆదేశించింది. దరఖాస్తులో వీటిని ప్రస్తావించడం సముచితం.

6. దోషం - ఉద్దేశం:

దోషాన్ని తెలిపితే జరిమానా పడుతుందన్న భయంతో మౌనం వహించేవారున్నారు. సెక్షన్ 270ఏ ఆదాయాన్ని తక్కువగా చూపడానికి పన్నులో 50 శాతం, తప్పుగా చూపడానికి 200 శాతం జరిమానాను నిర్దేశించింది. పాత జరిమానా నిబంధన కింద వచ్చిన ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ కేసులో 2012లో సుప్రీంకోర్టు, అజాగ్రత్త వలన జరిగిన యథార్థమైన పొరపాటును ఆదాయాన్ని దాచడంగా పరిగణించలేమని తీర్పునిచ్చింది. నోటీసు రాకముందే తానుగా సవరించుకోవడం సదుద్దేశానికి బలమైన నిదర్శనం. వార్షిక సమాచార నివేదికలో బ్యాంకు వడ్డీ వివరాలు శాఖకు చేరుతున్న నేటి పరిస్థితులలో మౌనం వలన ప్రయోజనం కూడ లేదు.

7. ముగింపు:

దోషం తెలిసిన వెంటనే తేదీని, నష్టపోయినది ఎవరన్న విషయాన్ని పరిశీలిస్తే మార్గం నిర్ణయమవుతుంది. గడువులోగా అయితే 139(5), శాఖ ఉత్తర్వులో స్పష్టమైన దోషమైతే 154, గడువు దాటాక పన్ను తక్కువ కట్టి ఉంటే 139(8ఏ), ఎక్కువ కట్టి ఉంటే 264 లేదా 119(2)(బి). 2026 ఏప్రిల్ 1 నుండి అమలయ్యే 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి. ‘మదింపు సంవత్సరం’ స్థానంలో ‘పన్ను సంవత్సరం’ వచ్చింది. కనుక తరువాతి సంవత్సరాల గడువులను ఆయా ఫైనాన్స్ చట్టాలతో సరిచూసుకోవాలి. రిటర్ను వేసిన అధ్యాపకులు, పరిశోధకులు సమాచార పత్రం కోసం వేచి ఉండక, డిసెంబరు నెలలోపే దానిని ఫారం 16తోను, ఫారం 26ఏఎస్‌తోను, వార్షిక సమాచార నివేదికతోను మరొకసారి పోల్చి చూసుకోవడం శ్రేయస్కరం. తమకు నష్టం కలిగించే దోషాన్ని విచక్షణకు లోబడకుండా, హక్కుగా దిద్దుకోగల సమయం అదే.