మీకు తెలుసా? రెంటచింతల ఎండకు ర్యామ్‌కూ పని పెరుగుతుంది

ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడాది ఉండదు. గురజాల దాటాక, మాచర్లకు ముందు వచ్చే ఆ ఊరి ఎండకూ ల్యాప్‌టాప్‌లో వేసే ర్యామ్‌కూ చిన్న లంకె ఉంది. ర్యామ్ చిప్పులో ఒక్కో బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లో దాచిన విద్యుదావేశం. దాచింది దాచినట్టు ఉండదు, కారిపోతూనే ఉంటుంది. అందుకే డీడీఆర్4 చిప్పు ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి తనలోని ప్రతి గడినీ చదివి మళ్లీ నింపుకుంటుంది. దీన్నే రిఫ్రెష్ అంటారు. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే కారడం ఎక్కువవుతుంది, అప్పుడు గడువు సగానికి, అంటే 32 మిల్లీసెకన్లకు తగ్గాలి. డీడీఆర్5కు మామూలు గడువే 32, వేడెక్కితే 16. రిఫ్రెష్ జరుగుతున్నంతసేపూ ఆ భాగం ప్రాసెసర్‌కు అందుబాటులో ఉండదు కాబట్టి వేగం కొంచెం తగ్గుతుంది కూడా.

85 డిగ్రీలన్నది గది వేడి కాదు, చిప్పు వేడి. అయినా గదిలోనే 44, 45 ఉంటే ఫ్యాను లోపలికి లాగేది ఆ గాలినే కదా. యాపిల్ కంపెనీ తన మ్యాక్‌బుక్‌లను 35 డిగ్రీల లోపు వాడమని చెబుతుంది. మే నెలలో పల్నాడు మిద్దె గదికి ఆ షరతు ఎవరు వినిపిస్తారో!

ఈ కారిపోయే గడిని కనిపెట్టింది ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్, అంతే. 1968లో పేటెంట్ వచ్చింది. ఇవాళ నరసరావుపేటలో బీటెక్ కుర్రాడి ల్యాప్‌టాప్ నడిచేదీ ఆ నమూనా మీదే.

*

అసెంబుల్డ్ పీసీ మనకు కొత్త కాదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీకి వెళ్లి బోర్డు, ర్యామ్, క్యాబినెట్ విడివిడిగా కొని తెచ్చుకున్న తరం ఒకటుంది. ల్యాప్‌టాప్‌కు కూడా ఆ పద్ధతి వచ్చింది. నిరవ్ పటేల్ అనే ఇంజినీరు అమెరికాలో స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ 2021 నుంచి అమ్ముతున్న డీఐవై ఎడిషన్‌ను ర్యామ్, ఎస్సెస్డీ, విండోస్ ఏవీ లేకుండా కూడా కొనుక్కోవచ్చు. పెట్టెతో పాటు స్క్రూడ్రైవర్ ఇస్తారు, మిగతాది మన పని.

విదేశం నుంచి తెప్పించుకునేవాళ్లు ఒక నిబంధన గుర్తుంచుకోవాలి. 2023 ఆగస్టు 3న కేంద్రం ల్యాప్‌టాప్ దిగుమతులపై ఆంక్షలు పెట్టింది. పోస్టులోనో కొరియర్‌లోనో వచ్చే ఒక్క ల్యాప్‌టాప్‌కు మాత్రం లైసెన్సు అక్కర్లేదు, సుంకం కడితే చాలు. అమెరికాలో చదువుకుంటున్న అబ్బాయి సెలవులకు వస్తూ సామానులో తెస్తే ఆ సుంకమూ ఉండదు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్ మినహాయింపు ఉంది.

*

ర్యామ్ ఏది కొనాలో నిర్ణయించేది మన జేబు కాదు, ప్రాసెసరూ బోర్డూ. ఫ్రేమ్‌వర్క్ 13లో ఇంటెల్ 11, 12, 13వ తరం బోర్డులకు డీడీఆర్4-3200 పడుతుంది. అదే ఒంటికి రైజెన్ 7040 బోర్డు బిగిస్తే డీడీఆర్5-5600 కావాలి. ఒకదాని స్టిక్ ఇంకోదానిలో దూరదు కూడా. ల్యాప్‌టాప్ స్టిక్‌కు డీడీఆర్3లో 204, డీడీఆర్4లో 260, డీడీఆర్5లో 262 పిన్నులు, మధ్యలో గాటు తలా ఒకచోట. కాబట్టి స్టిక్ దిగనప్పుడు బలం పెట్టకండి. సరైన రకమైతే ఏటవాలుగా జారి, కిందికి నొక్కగానే రెండు పక్కలా క్లిప్పులు టక్కున పట్టుకుంటాయి.

ఇక అసలు విషయం, షాపుల్లో చాలామంది పట్టించుకోనిది. 16 జీబీ కావాలంటే ఒకే స్టిక్ కొనాలా, 8 చొప్పున రెండా? ఒక డీడీఆర్4-3200 స్టిక్ సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ అందిస్తుంది. రెండు స్లాట్లలో రెండు పెడితే ప్రాసెసర్ రెండింటితోనూ ఒకేసారి మాట్లాడుతుంది, 51.2 అవుతుంది. పిడుగురాళ్ల సున్నం ఒక లారీలో రెండు ట్రిప్పులు వెయ్యకుండా రెండు లారీల్లో ఒకేసారి పంపినట్టు. వర్డ్‌లో ఉత్తరం రాసుకునేవాడికి తేడా తెలియదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గేమ్ ఆడేవాడికి, వీడియో ఎడిట్ చేసేవాడికి మాత్రం బాగా తెలుస్తుంది. ఎందుకంటే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌లోంచే వాడుకోవాలి. 8 జీబీ వేసినా విండోస్‌లో వాడకానికి ఏడు చిల్లరే కనిపిస్తుందని షాపువాడిని అనుమానించకండి. ఆ తగ్గింది గ్రాఫిక్స్ వాటా.

ఒక 8, ఒక 16 కలిపి పెట్టొచ్చా? పెట్టొచ్చు. చాలా బోర్డుల్లో ముందు 16 జీబీ వరకు జంటగా నడుస్తుంది, మిగిలిన 8 ఒంటరిగా నడుస్తుంది. పాత స్టిక్ పారేయాల్సిన పనిలేదన్నమాట. వేగాలు వేరైతే రెండూ తక్కువ దానికే దిగుతాయి.

*

స్టిక్ మీద అంటించిన కాగితం చదవడం వస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది. అందులో 1ఆర్ఎక్స్8, 2ఆర్ఎక్స్8, 1ఆర్ఎక్స్16 అని ఏదో ఒకటి ఉంటుంది. చివరి అంకె ఒక్కో చిప్పు ఎన్ని బిట్ల వెడల్పో చెబుతుంది. డీడీఆర్4లో ఎక్స్16 చిప్పులకు బ్యాంకు గ్రూపులు, అంటే చిప్పు లోపల పని పంచుకునే విభాగాలు, రెండే, ఎక్స్8 చిప్పులకు నాలుగు. అదే 8 జీబీ, అదే 3200, అయినా ఎక్స్16 స్టిక్ కొన్ని పనుల్లో వెనకబడుతుంది. ధర ఒకటే అయితే ఎక్స్8 తీసుకోండి.

సీఎల్ అన్న అంకె ఇంకో తికమక. డీడీఆర్4-3200లో సీఎల్ 22 అంటే లెక్కకు 13.75 నానోసెకన్ల నిరీక్షణ. డీడీఆర్5-5600లో సీఎల్ 46 అంటే 16.4. కొత్తది మొదటి బైటు ఇవ్వడానికి కాస్త ఎక్కువసేపే తీసుకుంటుంది, ఇవ్వడం మొదలెట్టాక మాత్రం పాతదాన్ని చాలా వెనక్కి నెట్టేస్తుంది. గేమర్ల కోసమని పెద్ద అంకెలు అచ్చేసిన స్టిక్‌లు ల్యాప్‌టాప్‌లో చాలావరకు డబ్బు దండగ. ఆ వేగాన్ని ఆన్ చేసే ఎక్స్‌ఎంపీ అమరిక ఎక్కువ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో కనిపించదు.

ఎంత చాలు? విండోస్ 11 పెట్టుకోవడానికి 4 జీబీ ఉంటే సరిపోతుందని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. పెట్టుకోవడం వేరు, పనిచేయడం వేరు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ తెరిచే విద్యార్థికి 16 కంటే తక్కువ కొనమని నేను చెప్పను.

*

పల్నాడులో డీఐవై ల్యాప్‌టాప్ కొనేవాళ్లు తక్కువే ఉంటారు. కానీ నరసరావుపేటలోనో గుంటూరులోనో మామూలు ల్యాప్‌టాప్ కొన్నా ఇందులో సగం ప్రశ్నలు వర్తిస్తాయి. షాపులో టాస్క్ మేనేజర్ తెరిపించి మెమరీ పేజీ చూడండి. 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర రెండింటిలో ఒకటి అని ఉంటే రేపు పెంచుకునే వీలుంది. బాగా సన్నటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డు మీదే అతికించేస్తారు. వాటికి కొన్న రోజు తీసుకున్నదే చివరిదాకా. ఈ చిక్కు విప్పడానికే ఎల్పీక్యామ్2 అనే ఊడదీయగల సన్నటి మాడ్యూల్ వచ్చింది. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో కనిపించింది, ఇంకా అన్నింటికీ పాకలేదు.

ర్యామ్ ధర ఈమధ్య ఎందుకంత పెరిగిందంటే జవాబు ఏఐ సర్వర్లు. ప్రపంచంలో ఈ చిప్పులు చేసేది ప్రధానంగా మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్కే హైనిక్స్, మైక్రాన్. హైదరాబాద్‌లో 2019 నుంచి పెద్ద అభివృద్ధి కేంద్రం నడుపుతున్న మైక్రాన్, 2025 డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండ్‌ను మామూలు కొనుగోలుదారులకు అమ్మడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వర్ల గిరాకీ ముందు మన రెండు స్టిక్‌లు వాళ్లకు ఆనలేదు. కాబట్టి ఇంట్లో మూలనపడ్డ పాత ల్యాప్‌టాప్‌ను అమ్మే ముందు అందులోని ర్యామ్ రకం చూసుకోండి, కొత్తదానికి పనికొస్తుందేమో.

స్టిక్ పట్టుకునే ముందు ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకోండి. పొడి గాలిలో ఒంటి మీద పేరుకునే స్టాటిక్ చిప్పుకు చేటు. డీడీఆర్5 వేసి మొదటిసారి ఆన్ చేశాక తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌తో సర్దుకోవడానికి బోర్డు తీసుకునే సమయం అది, మెమరీ ట్రైనింగ్ అంటారు. పాడైందనుకుని మధ్యలో పవర్ బటన్ నొక్కకండి.