కార్డు మీద నాలుగు వరుసలు

అమెరికా మందుల షాపులో ఉచిత డిస్కౌంట్ కార్డు చూపిస్తే ధర తగ్గుతుంది. ఆ తగ్గింపు ఎవరి జేబులోంచి?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు సూట్‌కేసులో ముందు సర్దుకునేది బీపీ, షుగర్ మాత్రలే. తిరుగు ప్రయాణం వాయిదా పడితే అవి నిండుకుంటాయి. మన డాక్టరు రాసిన చీటీ అక్కడ చెల్లదు, అక్కడి డాక్టరు మళ్లీ రాయాలి. విజిటర్ ఇన్సూరెన్స్‌లు చాలావరకు పాత జబ్బులను పట్టించుకోవు. అప్పుడు తెలిసినవాళ్లు చెప్పే మాట ఒకటే: 'ఫోన్‌లో గుడ్‌ఆర్ఎక్స్ డిస్కౌంట్ కార్డు తెరిచి చూపించండి, తగ్గుతుంది.' ఆ తగ్గడం ఎలాగో రాయమన్నారు ఎడిటర్ గారు. నివేదికలు, చట్టాలు తిరగేశాక అసలు కథంతా ఆ కార్డు మీదే అచ్చయి ఉందనిపించింది.

కార్డు మీద ఫొటో ఉండదు, సంతకం ఉండదు. బిన్, పీసీఎన్, గ్రూప్, మెంబర్ ఐడీ అని నాలుగు వరుసలుంటాయి. 'ఇది ఇన్సూరెన్స్ కాదు' అని ఒక హెచ్చరిక ఉంటుంది.

బిన్ ఒక నంబరు. ఉత్తరానికి పిన్‌కోడ్ ఎలాగో మందుల బిల్లుకు ఇది అలాగ. ఫార్మసిస్టు దాన్ని కొట్టగానే బిల్లు ఒక పీబీఎం, అంటే ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్ కంప్యూటరుకు చేరుతుంది. బీమా కంపెనీల తరఫున మందుల షాపులతో ధరలు బేరమాడే మధ్యవర్తి సంస్థలివి. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్ అనే మూడే దేశంలోని ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం చూసుకుంటున్నాయి. పీసీఎన్ ఆ సంస్థలో ఏ ఖాతాకు వెళ్లాలో చెబుతుంది. మెంబర్ ఐడీ చూసి అది మన సొంత నంబరనుకుంటాం. చాలా ఉచిత కార్డుల మీద అందరికీ ఒకటే నంబరు.

నన్ను ఆపేసింది మూడో వరుస, గ్రూప్. ఈ కార్డు ఎవరు పంచారో సాధారణంగా దీన్నిబట్టే తెలుస్తుంది. కమీషన్ ఎవరికి వెళ్లాలో కూడా.

లెక్క కోసం ఒక జెనరిక్ మాత్రల సీసా షాపు ధర 60 డాలర్లనుకుందాం. మన మాత్రల అట్ట మీద ఎంఆర్‌పీ ఉన్నట్టు అక్కడ సీసా మీద ధర ఉండదు. షాపు పెట్టిందే ధర, వీధి మారితే ధర మారుతుంది. కార్డు కొట్టాక పీబీఎం ముందే కుదుర్చుకున్న ధర తెర మీదికొస్తుంది, 14 డాలర్లు. ఆ పద్నాలుగూ మనమే కడతాం. కార్డు కంపెనీ మన తరఫున ఒక్క సెంటు వేయదు. పైగా షాపు ఆ బేరానికి పీబీఎంకు ఫీజు చెల్లించాలి, అందులో వాటా కార్డు కంపెనీకి. చిన్న షాపువాళ్లకు కొన్నిసార్లు కొన్న ధర కూడా గిట్టదు. 46 డాలర్లు మిగిలాయన్న సంతోషం నిజమే. కానీ కార్డు ఉన్నవాళ్లెవరూ కట్టనక్కర్లేని 60 అనే అంకె వల్లే ఆ మిగులు అంత పెద్దదిగా కనిపిస్తోందని నా అభిప్రాయం. జెనరిక్‌లకు ఇంత తగ్గే వీలుందంటే, కార్డు లేని పేదవాడి దగ్గర అంత ఎందుకు వసూలు చేస్తున్నట్టు?

చరిత్ర క్లుప్తంగా: 2003 చట్టంతో 2004లో మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్న వృద్ధులకు ప్రభుత్వ ఆమోదంతో డిస్కౌంట్ కార్డులొచ్చాయి. 2006లో పార్ట్ డి మందుల బీమా రావడంతో వాటి పని అయిపోయింది. గుడ్‌ఆర్ఎక్స్ 2011లో పుట్టి 2020లో స్టాక్ మార్కెట్‌కెక్కింది. నగదుకు కొంటే చవకని ఫార్మసిస్టు రోగికి చెప్పకుండా నోరు కట్టేసే ఒప్పందాలను 2018 అక్టోబరులో రెండు చట్టాలు నిషేధించాయి.

ఇక డబ్బు కాని మూల్యం. మనం వెతికిన మందు పేరే మన జబ్బు పేరు చెబుతుంది. ఆ సమాచారం ఫేస్‌బుక్, గూగుల్ వంటి ప్రకటనల సంస్థలకు చేరిందని 2023 ఫిబ్రవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ గుడ్‌ఆర్ఎక్స్‌పై ఆరోపించింది. కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 15 లక్షల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. ఆసుపత్రులకు వర్తించే గోప్యతా చట్టం ఇలాంటి యాప్‌లకు చాలా సందర్భాల్లో వర్తించదు. డబ్బు లేనివాళ్ల రోగాల చిట్టా వ్యాపార సరుకు కావడం నాకు మింగుడుపడని సంగతి.

వాడేముందు

కార్డు, ఇన్సూరెన్స్ ఒకే బిల్లు మీద కలవవు, ఏదో ఒకటే. ఉద్యోగం ఇచ్చిన బీమా ఉన్నవాళ్లు కార్డుతో కొంటే ఆ సొమ్ము సాధారణంగా డిడక్టబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు మనం కట్టాల్సిన మొత్తం) లెక్కలోకి రాదు. ఏడాదంతా మందులు పడేవారికి ఇది నష్టం కావచ్చు.

బ్రాండ్ మందు తయారుచేసిన కంపెనీ ఇచ్చే కో-పే (బీమా ఉన్నా మనం కట్టే వాటా) కార్డు వేరే జాతి. అది బీమాతో కలిసి పనిచేస్తుంది. మెడికేర్‌వాళ్లు దాన్ని వాడకూడదు.

వ్యాపారవేత్త మార్క్ క్యూబన్ 2022లో తెరిచిన ఆన్‌లైన్ ఫార్మసీ కొన్న ధరపై 15 శాతం, ఆపైన ఫీజులు అని లెక్క బహిరంగంగా చూపిస్తుంది.

మీ అమ్మానాన్నలు ఈ వేసవికి అక్కడికి వెళ్తుంటే ఇది చెప్పి పంపండి. కౌంటర్ దగ్గర ముందు 'కార్డు, బీమా లేకుండా మీ ధరెంత?' అని అడగమనండి. పక్క షాపులోనూ అడగమనండి. ఆ తర్వాతే ఫోన్ బయటికి తీయమనండి.