జేబు దస్తరపు టెలిఫోను: దాని జబ్బులును, దానిలోని వ్రాతలను కంప్యూటరునకు చేర్చు విధమును

పాతసామానుల పెట్టెలలోను, గోడబీరువాల పై యఱలలోను ఇప్పు డెవ్వరును వాడని యొక టెలిఫోను కొందఱి యిండ్లలో నున్నది. అఱచేతిలో నిముడునంతటి ఒడలు, ముందు చిన్న గాజుపలక, దాని క్రింద పెసరగింజలవంటి బొత్తాములు, తలమీద పొట్టి యాంటెన్నా, వెనుక ఒఱలో నొక ప్లాస్టికు పుల్ల. అమెరికాలో నుద్యోగము చేసి వచ్చిన బంధువులు తెచ్చినది. దీని పేరు ట్రియో. దీనిని పాఱవేయవచ్చునా యని తలిదండ్రులు కొందఱు అడుగుచున్నారు. పాఱవేయుట సులభమే. కాని యది వట్టి టెలిఫోను కాదు. యజమాని యొక్క విలాసముల పుస్తకము, దినచర్య, బాకీల పట్టిక, చీటీల కట్ట అన్నియు దాని కడుపులోనే యున్నవి. యజమాని గతించిన యిండ్లలో నాయన వ్రాతలు మఱి యెక్కడను దొరకకపోవచ్చును. కావున నా వ్రాతలను చెడగొట్టక వెలికి తీయు విధమును, అందు కడ్డువచ్చు చిక్కులను ఇక్కడ వివరించుచున్నాను.

ఈ యంత్రముల వంశము కాలిఫోర్నియాలో మొదలైనది. జెఫ్ హాకిన్స్ అను నింజనీరు 1992వ సంవత్సరమున పామ్ కంప్యూటింగ్ అను కంపెనీని స్థాపించెను. యంత్రము తయారగుటకు ముందే ఆయన చొక్కాజేబులో పట్టు కొయ్యదిమ్మ నొకదానిని చేసికొని, కొంతకాలము దానిని జేబులో నుంచుకొని తిరిగెను. ఎవరైన నొక తేదీని గుఱించి యడిగినప్పుడు ఆ కొయ్యను పైకి తీసి, పుల్లతో దానిపై వ్రాయుచున్నట్లు నటించెడివాడట. చూచినవారు నవ్వియుందురు గాని, జేబులో నెంత పరిమాణము సుఖముగా నుండునో ఆయన కా కొయ్యయే నేర్పినది. 1996లో పైలట్ 1000, పైలట్ 5000 అను రెండు యంత్రములు వెలువడెను. మొదటిదాని జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు మాత్రమే. నేటి టెలిఫోనుతో తీసిన యొక్క ఛాయాచిత్రమైనను దానిలో పట్టదు. అయినను వేలకొలది జనులు దానిని కొని మెచ్చుకొనిరి. అది కంప్యూటరునకు పోటీగా గాక, కంప్యూటరున కొక చేయిగా నిర్మింపబడుటయే దాని విజయమునకు కారణమని నా యభిప్రాయము.

తరువాతి కథను క్లుప్తముగా చెప్పుదును. హాకిన్స్, డోనా డుబిన్‌స్కీ, ఎడ్ కాలిగన్ అనువారు 1998లో వేఱుపడి హ్యాండ్‌స్ప్రింగ్ అను కంపెనీని పెట్టిరి. ఆ దస్తరమునకు టెలిఫోనును జోడించి 2002లో ట్రియోను తెచ్చిరి. 2003లో ట్రియో 600 వచ్చినది. ఆ యేటనే పామ్ కంపెనీ హ్యాండ్‌స్ప్రింగును తనలో కలిపికొనినది. 2004లో ట్రియో 650, 2006లో ట్రియో 680 వచ్చెను. 2010లో హెచ్.పీ. కంపెనీ పామ్‌ను కొని, మఱుసటి యేడు ఈ జాతి టెలిఫోనుల పనిని మానుకొనెను. అందుచేత నేడు వీనికి మరమ్మతు చేయు కంపెనీ లేదు. చేయదగినది మనమే చేసికొనవలెను.

యంత్రమునకును కంప్యూటరునకును వ్రాతలను సరిచేయు పనికి హాట్‌సింక్ అని పేరు. దీని మర్మము తెలిసినచో సగము చిక్కులు వానియంతట నవియే విడిపోవును. ఒకే రిజిస్టరునకు రెండు ప్రతులున్నవనుకొనుడు. ఒకటి గ్రామములు తిరుగు పాస్టరుగారి సంచిలో నున్నది, రెండవది మిషను ఆఫీసులో నున్నది. పాస్టరుగారు క్రొత్త విశ్వాసుల పేర్లను తమ ప్రతిలో వ్రాసికొందురు. గుమాస్తాగారు ఆఫీసు ప్రతిలో విలాసములు దిద్దుదురు. నెలాఖరున నిద్దఱు నెదురెదురుగా కూర్చుండి ప్రతులను సరిపోల్చవలెను. ప్రతి వరుసను చదువుచు పోయినచో తెల్లవాఱును. కావున పాస్టరుగారు, తాము చేర్చినదియు మార్చినదియునగు ప్రతి వరుస ప్రక్కను పెన్సిలుతో గుఱుతు పెట్టుకొందురు. గుమాస్తాగారును అట్లే చేయుదురు. ఇక గుఱుతులున్న వరుసలు మాత్రమే చదివినచో చాలును. కొట్టివేసిన పేరును సయితము వెంటనే చెఱిపివేయక గీత గీసి యుంచవలెను; లేనిచో నెదుటివారికి కొట్టివేత తెలియదు. పామ్ యంత్రములోని ప్రతి వ్రాతకు నొక సంఖ్యయు, ఇట్టి గుఱుతులును గలవు. బొత్తాము నొక్కగానే కొద్ది క్షణములలో పని ముగియుటకు కారణ మిదియే.

ఇప్పుడు పాస్టరుగారు మధ్యలో మఱియొక ఆఫీసునకు పోయి, అక్కడి ప్రతితో సరిపోల్చి, గుఱుతులు చెఱిపివేసికొని వచ్చిరనుకొనుడు. మన ఆఫీసున కా గుఱుతులు పనికిరావు. అప్పుడు ప్రతి వరుసయు చదువక తప్పదు. పామ్ యంత్రము, తాను కడపట ఏ కంప్యూటరుతో సరిచూచుకొనినదో జ్ఞాపకముంచుకొనును. వేఱొక కంప్యూటరునకు తగిలించినచో సర్వమును పోల్చి చూచును. ఆలస్యమైనచో యంత్రము చెడిపోయినదని కంగారుపడి తీగను లాగివేయరాదు.

ఒకే వరుసను ఇరువురును రెండు విధముల దిద్దియున్నచో నేమగును? యంత్రమునకు న్యాయాధిపతి పదవి లేదు. రెండింటిని నుంచి, ఆ సంగతిని తన చిట్టాలో వ్రాయును. ఒకరు కొట్టివేయగా నొకరు దిద్దినచో దిద్దినదే నిలుచును. ఈ నియమములు వివేకముగలవి. వ్రాత పోవుటకంటె రెండు మాఱు లుండుటయే నయము. మన తెలుగువారి పట్టికలలో నీ రెట్టింపు మఱికొంత హెచ్చుగా నుండును. ఆ యంత్రములకు తెలుగు లిపి రాదు. పేర్లన్నియు నింగ్లీషు అక్షరములతోనే వ్రాయవలసియుండెను. వేంకటేశ్వరరావు అను పేరును ఎన్ని విధముల వ్రాయవచ్చునో మన హాజరుపట్టీలను చూచినవారి కెఱుకయే. అక్షరము భేదించినచో యంత్రమునకు మనిషియే భేదించును.

ఇక చికిత్సకు వత్తము. మొట్టమొదట యంత్రమే రకమైనదో చూడుడు. ట్రియో 600, దానికి పూర్వపు రకములును, వ్రాతలను విద్యుత్తున్నంతవఱకే ధరించు జ్ఞాపకమునందు దాచెడివి. బ్యాటరీ పూర్తిగా నెండినచో పలకమీది సుద్దవ్రాత తుడిచినట్లే సర్వమును పోవును. పదేండ్లు బీరువాలో నున్న ట్రియో 600లో వెదకుట వృథాప్రయాస. దానికి బదులు, ఆనాడు దానికి జోడైయున్న కంప్యూటరును వెదకుడు. హాట్‌సింక్ చేసినంతవఱకు నకలు దానిలో నుండును. ట్రియో 650, 680లు అట్టివి కావు. వానిలో విద్యుత్తు లేకున్నను వ్రాత చెఱగని జ్ఞాపకము కలదు. వానియం దాశ వదలుకొనరాదు.

బ్యాటరీ విషయమున జాగ్రత్త వహింపవలెను. 650 రకమునకు వెనుక తలుపు తీసినచో బ్యాటరీ చేతికి వచ్చును. అది యుబ్బియున్నచో దానిని పొడువరాదు, నొక్కరాదు, విద్యుత్తు నెక్కింపరాదు. లిథియము బ్యాటరీ యంటుకొనిన నార్పుట కష్టము. పిల్లల చేతి కీయకుండ వేఱుగా నుంచి, అదే కొలతగల మఱియొక బ్యాటరీని సంపాదింపవలెను. ఉబ్బక, వట్టిగా నెండియున్నచో యంత్రపు స్వంత చార్జరుతో కొన్ని గంటలపాటు, ఎవరైన దగ్గఱనున్నప్పుడే, విద్యుత్తు నెక్కింపుడు.

యంత్రము వెలిగి కదలక నిలిచిపోయినచో దానిని తిరిగి మేలుకొలుపు పద్ధతులు మూడు గలవు. మొదటిది మృదువైనది: బ్యాటరీని తీసి మరల పెట్టుట. దీనివలన వ్రాత కేమియు కీడు లేదు. రెండవది, పైకి బాణపుగుఱుతు గల బొత్తామును పట్టుకొనియే యా పని చేయుట. ఇందు యంత్రము తన మూల వ్యవస్థతో మాత్రమే లేచును. తరువాత చేర్చిన ప్రోగ్రాములు నిద్రలోనే యుండును. మాటిమాటికి తనంత తానే ఆరి వెలుగు యంత్రమున కిది మంచి మందు. ఇట్లు లేపి, కడపట చేర్చిన ప్రోగ్రామును తీసివేయవలెను. మూడవది కఠినమైనది. ఎఱ్ఱ బొత్తామును పట్టుకొని యంత్రమును లేపినచో, సర్వమును తుడిచివేయుదునా యని యడుగును. పైబాణము నొక్కినచో నిజముగా తుడిచివేయును. మఱి యే బొత్తాము నొక్కినను విడిచిపెట్టును.

ఈ మూడవదానిని గుఱించి మఱికొంత చెప్పవలసియున్నది. నే నెఱిగిన యొక విధవరాలు, అమెరికాలో పనిచేసి గతించిన తన భర్త టెలిఫోనును బాగుచేయుటకై యొక దుకాణమున కిచ్చెను. అది వెలిగిన వెంటనే ఆరిపోవుచుండెను. మఱునాడు చక్కగా వెలుగుచు తిరిగి వచ్చెను. దుకాణదారు కొద్ది రుసుమే పుచ్చుకొనెను. కాని భర్త స్నేహితుల విలాసములు, బిడ్డల జననమునుండి ఆయన వ్రాసికొనిన చిన్న చీటీలు, ఒక్కటియు లేదు. ఆయన చేసినది మూడవ చికిత్స. ఆయన కపట మేమియు చేయలేదు. యంత్రమును బాగుచేయుమన్నారు, బాగుచేసెను. వ్రాతలు కావలెనని ఆయనకు ముందుగా చెప్పినవారు లేరు. మీ రెవరికైన నిట్టి యంత్రము నిచ్చునప్పుడు ఆ మాటను నోటితో చెప్పుటయే గాక, కాగితముమీద వ్రాసి దానికి చుట్టి యిండు.

కంప్యూటరు విషయము. పామ్ డెస్క్‌టాప్ అను ప్రోగ్రామును విండోస్ ఎక్స్‌పీ గల పాత కంప్యూటరులో నెక్కించుట యన్నిటికంటె సుఖము. 64 బిట్ల విండోస్‌లో తీగద్వారా హాట్‌సింక్ చేయుటకు పామ్ కంపెనీ సాధనము నీయలేదు. అక్కడ తీగ నెన్నిమాఱులు మార్చినను ఫలము లేదు, బ్లూటూత్‌తో ప్రయత్నింపవలెను. పాత కంప్యూటరులో కూడ నొక భ్రమ కలదు. తీగను తగిలింపగానే కంప్యూటరు తెఱమీద నేమియు కనబడదు. తీగ చెడినదని పలువురు నిరాశ చెందుదురు. ఈ యంత్రము హాట్‌సింక్ బొత్తాము నొక్కినప్పుడే కంప్యూటరునకు తన్ను తాను తెలుపుకొనును. తక్కిన వేళల మౌనముగా నుండును. నొక్కినను పలుకకున్నచో, గడియారము ప్రక్కనుండు హాట్‌సింక్ గుఱుతు మేలుకొనియున్నదా, అందు యూఎస్‌బీ యని టిక్కు పెట్టియున్నదా యని చూడుడు. తీగను నడిమి పెట్టెలకు గాక కంప్యూటరునకే తిన్నగా తగిలింపుడు. యంత్రము క్రింది అంచున నుండు లోహపు పండ్లకు మురికి పట్టుట తఱచు; యంత్రము నార్పి పొడిగుడ్డతో మెల్లగా తుడిచినచో పెక్కు మాఱులు పని జరుగును.

బొత్తాము నొక్కుటకు ముందు హాట్‌సింక్ పట్టికలో నొక్కొక్క విషయమునకు నేమి యాజ్ఞ యున్నదో తప్పక చదువవలెను. అచ్చట నాలుగు మార్గములు గలవు: ఇరుప్రక్కలను సరిచేయుట, కంప్యూటరు ప్రతిని యంత్రముపై నెక్కించుట, యంత్రపు ప్రతిని కంప్యూటరుపై నెక్కించుట, ఏమియు చేయకుండుట. క్రొత్తగా ప్రోగ్రామెక్కించిన కంప్యూటరు వట్టి పలకయే. అది తన ప్రతిని యంత్రముపై నెక్కించినచో, వట్టిపలక యెక్కి నిండుపలక మాయమగును. కావున వ్రాతలను వెలికితీయు మొదటి మాఱున యంత్రపు ప్రతియే కంప్యూటరుపై నెక్కునట్లు నిర్ణయింపవలెను. ఈ యొక్క పంక్తి తప్ప ఈ వ్యాసములో మిగిలినదంతయు మఱచినను నాకు విచారము లేదు.

పని సగములో నాగిపోయినచో ఏదో యొక వ్రాత చెడియున్నదని గ్రహింపవలెను. అన్నిటికిని ఏమియు చేయకుండునట్లు ఆజ్ఞయిచ్చి, విలాసములను మొదట, దినచర్యను తరువాత, చీటీలను ఆ తరువాత, ఒక్కొక్కటిగా పంపుడు. నిలిచిపోయినచోట దోషమున్నది, తక్కినవి యప్పటికే గట్టెక్కినవి. తీగ యెంతకును పలుకకున్నచో, యంత్రపు తలమీది నల్లని కిటికీనుండి పరారుణ కిరణములద్వారా విలాసములను మఱియొక పామ్ యంత్రమునకు పంపవచ్చును. బ్లూటూత్ గల రకములనుండి ఒక్కొక్క విలాసమును నేటి టెలిఫోనునకే పంపవచ్చును. రెండు వందల పేర్లున్నచో విసుగుపని. కాని సెలవులలో నిద్దఱు పిల్లలు కూర్చున్నచో ఒక మధ్యాహ్నములో ముగియును.

కంప్యూటరు చేరిన విలాసములను పామ్ డెస్క్‌టాప్‌లోని ఎక్స్‌పోర్టు ఆజ్ఞతో కామాలు గల పట్టికగా వ్రాయించవచ్చును. అట్టి పట్టికను నేటి కంప్యూటరు లన్నియు చదువును. దానిని రెండుచోట్ల దాచి, తెఱచి, పేర్లు వరుసగా వచ్చినవా, ఫోను సంఖ్యలు తమ గడులలోనే యున్నవా యని యంత్రమును చేత పట్టుకొని పదిపేర్లైనను పోల్చి చూడుడు. ఆ తరువాత యంత్రమును పిల్లల కీయవచ్చును. దినచర్యగా వాడుకొనవలెననువారి కొక్క మాట: దాని పంచాంగము 1904తో మొదలై 2031 డిసెంబరు 31తో ముగియును, అటుపిమ్మటి తేదీ దానికి తెలియదు.