పులివెందుల బాగానే వచ్చింది, ప్రొద్దుటూరు ఎందుకు విరిగింది? పీడీఎఫ్‌లో తెలుగు ఫాంట్ల కథ

ఈరోజు ఒక బిల్లుతో మొదలుపెడదాం.

ప్రొద్దుటూరులో మా మామకు బట్టల అంగడి ఉంది. వెబ్ పేజీలో బిల్లు తయారై, బటన్ నొక్కితే పీడీఎఫ్‌గా దిగేలా చిన్న యాప్ రాసిచ్చినాను. ఇచ్చే ముందు టెస్ట్ కూడా చేశాను. ఊరి పేరు దగ్గర పులివెందుల అని కొట్టాను, బాగానే వచ్చింది. మర్నాడు మామ ఫోన్: "ఏం రా అల్లుడూ, మన ఊరి పేరే సరిగ్గా రాలేదు. వచ్చినోళ్లు నగుతాండారు."

తెరిచి చూస్తే అంగడి అడ్రసులో "ప్‌రొద్‌దుటూరు" అని ఉంది. ఇంకో బిల్లులో "జమ్‌మలమడుగు". స్క్రీన్ మీద పేజీ మాత్రం శుభ్రంగా ఉంది. అప్పటికే చాలా బిల్లులు వాట్సాప్‌లో వెళ్లిపోయినాయి.

ఇక్కడ జరిగిందేంటో చూడండి. ప్రొద్దుటూరు అనే మాట కంప్యూటర్‌లో 12 యూనికోడ్ గుర్తులుగా ఉంటుంది. ప, పొల్లు, ర, ఒత్వం, ద, పొల్లు, ద... ఇలా వరుసగా. ఒత్వం ర తర్వాత నిల్వ ఉంటుంది గానీ, కనిపించేటప్పుడు ప మీదికి ఎక్కాలి. ర ఒత్తుగా మారి కిందికి దిగాలి. ఈ సర్దుడు పనిని షేపింగ్ అంటారు. ఏ గుర్తు ఏ రూపంలోకి మారాలో ఫాంట్ ఫైల్‌లోనే నియమాలు రాసి ఉంటాయి. వాటిని చదివి అమలు చేసే ఇంజిన్ వేరే ఉండాలి. క్రోమ్‌లో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. నేను వాడిన జేఎస్‌పీడీఎఫ్ లైబ్రరీలో అలాంటిది లేదు. గుర్తులను పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది, అంతే.

మరి పులివెందుల ఎలా తప్పించుకుంది? అందులో ఒక్క ఒత్తు కూడా లేదు! గుణింతాలు, ఒక సున్నా. గుడి, ఎత్వం కొంచెం అటూఇటూ పడినా కన్ను పట్టుకోదు. కాబట్టి పులివెందుల ఫ్రెండ్స్ ఏమీ అనుకోవద్దు గానీ, మీ ఊరి పేరుతో ఫాంట్ టెస్ట్ చేయకండి. ప్రొద్దుటూరు పెట్టండి. ఒకే మాటలో ర ఒత్తు, ద ఒత్తు, ఒత్వం, కొమ్ములు అన్నీ దొరుకుతాయి.

ఇప్పుడు ముఖ్యమైన తేడా. తెలుగు స్థానంలో ఖాళీ డబ్బాలు వస్తే అది ఫాంట్ లేని జబ్బు. అక్షరాలు వచ్చి ఒత్తులు విడిపోతే అది షేపింగ్ లేని జబ్బు. నేను ఈ రెండోదానికి మొదటి మందు వేస్తూ ఒక రాత్రంతా పోగొట్టుకున్నా. నోటో సాన్స్ తెలుగు పోయి మండలి వచ్చింది, మండలి పోయి రామభద్ర వచ్చింది. ఒత్తు మాత్రం అతుక్కోలేదు. ఇంజిన్ లేని బండికి టైర్లు మార్చినట్టు.

షేపింగ్ జబ్బుకు లైబ్రరీనే మార్చాలి. జావాస్క్రిప్ట్ వాళ్లైతే పప్పెటీర్. అది వెనకాల క్రోమ్‌నే నడుపుతుంది కాబట్టి స్క్రీన్ మీద వచ్చిందే కాగితం మీదా వస్తుంది. పైథాన్‌లో వీజీప్రింట్, అదీ పాంగో ద్వారా హార్ఫ్‌బజ్‌నే వాడుతుంది. పీహెచ్‌పీలో డామ్‌పీడీఎఫ్ బదులు ఎంపీడీఎఫ్ తీసుకోండి, తెలుగు ఒత్తులు దానికి తెలుసు. పేజీని ఫొటో తీసి పీడీఎఫ్‌లో అతికించే అడ్డదారి ఒకటుంది. ప్రింట్‌లో మసకగా ఉంటుంది, పేరు వెతికితే దొరకదు. నాకైతే నచ్చదు.

లైబ్రరీ మార్చాక నాకు డబ్బాలు మొదలైనాయి. ఎందుకంటే నా ల్యాప్‌టాప్‌లో తెలుగు ఫాంట్ ఉంది, సర్వర్‌లో లేదు. చిన్న లినక్స్ ఇమేజ్‌లలో మామూలుగా ఉండదు. డెబియన్‌లో నోటో కోర్ ఫాంట్ ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. ఇంకా నమ్మకమైన పద్ధతి, ఫాంట్ ఫైల్‌ను ప్రాజెక్ట్‌లోనే పెట్టుకుని సీఎస్‌ఎస్‌లో ఫాంట్-ఫేస్‌తో పిలవడం. గూగుల్ ఫాంట్స్ లింక్ మీద ఆధారపడితే, నెట్ నెమ్మదైన రోజు ఫాంట్ దిగకముందే పీడీఎఫ్ తయారైపోవచ్చు. డాక్యుమెంట్ డాట్ ఫాంట్స్ డాట్ రెడీ అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత ప్రింట్ చేయమనండి.

ఫాంట్ ఉన్నా డబ్బా వచ్చే సందర్భం ఒకటి మన పక్కనే ఉంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతమంతా ఒకప్పటి రేనాడు. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో క్రీ.శ. 575 నాటి తెలుగు శాసనం ఉంది. రేనాటి చోళుల గురించి రాసేటప్పుడు ఴ అనే పాత అక్షరం అవసరం పడుతుంది. దాన్ని యూనికోడ్‌లో చేర్చింది 2014లో. అంతకుముందు తయారైన ఫాంట్లలో దాని బొమ్మే ఉండదు. ఇప్పుడు మీ ఫోన్‌లో ఇక్కడ డబ్బా కనిపించిందా? అదే ఇది.

డీటీపీ షాపు నుంచి అను ఫాంట్‌లో కొట్టిన మ్యాటర్ తెచ్చుకుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. అది యూనికోడ్ కాదు, ముందు కన్వర్ట్ చేసుకోండి.

కోడ్ ఇష్టం లేనివాళ్లు, ఫోన్ క్రోమ్‌లో పేజీ తెరిచి షేర్, ప్రింట్, సేవ్ యాజ్ పీడీఎఫ్ నొక్కండి. సర్వర్ సరిచేసేదాకా మామ వారం రోజులు బిల్లులు ఇచ్చింది ఇట్లే. ఇప్పుడు అడ్రసు సరిగ్గా వస్తోంది. రూపాయి గుర్తు మాత్రం ఒక పాత ప్రింటర్‌లో ఇంకా డబ్బాగానే పడుతోంది, దాని సంగతి వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.