చెరువు గట్టున స్మార్ట్ మీటరు: మైక్రోకంట్రోలర్ బోర్డులు ఎంతవరకు నమ్మదగినవి?

గుడ్లవల్లేరు పరిసరాలలో వరికి నీరు ప్రధానంగా ప్రకాశం బ్యారేజీ నుండి వచ్చే కాలువల ద్వారా పల్లానికి పారుతూ అందుతుంది. సముద్రతీరం దగ్గరయ్యేకొద్దీ భూగర్భజలం ఉప్పన కనుక, రాయలసీమలో వలె పొలం పొలానికీ బోరు మోటారు ఇక్కడ కనిపించదు. సాగులో కరెంటు ఖర్చు ఎక్కువగా ఉండేది చేపల, రొయ్యల చెరువుల వద్ద. చీకటి పడితే నీటిలోని వృక్ష ప్లవకాలు ఆక్సిజన్‌ను విడుదల చేయడం మాని, తామే వాడుకుంటాయి. కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి పడిపోతుంది. ఏరియేటర్లు నిరంతరం తిరగవలసినది ఆ వేళలోనే. ఆ సమయంలో ఒక ఫేజు పోయినా ఎవరూ గమనించకపోతే పంట మొత్తం నష్టం కావచ్చు.

వ్యవసాయ సర్వీసులకు మీటర్లు బిగించాలని రాష్ట్రంలో 2020 సెప్టెంబరులో నిర్ణయం జరిగి, శ్రీకాకుళం జిల్లాలో తొలి ప్రయోగం మొదలైనప్పుడు, ఉచిత విద్యుత్తు పోతుందేమోనన్న అనుమానం రైతులలో బలంగా వ్యక్తమైంది. చర్చ అంతా బిల్లు ఎవరు కట్టాలన్న దాని చుట్టూ తిరిగింది. మీటరు యూనిట్లను ఎలా లెక్కిస్తుందన్న విషయం మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. రాయితీ ఉన్నా యూనిట్ల లెక్కనే బిల్లు చెల్లించే ఆక్వా రైతుకు ఈ రెండవ ప్రశ్న మరింత ముఖ్యం.

స్మార్ట్ మీటరు లోపల ఉండే ప్రధాన భాగం మైక్రోకంట్రోలర్. అది గణన యంత్రం, జ్ఞాపకం, కొలిచే ద్వారాలు ఒకే చిప్‌లో ఇమిడిన పరికరం. మీటరును రూపొందించేవారు పరీక్షించి చూసుకోవడానికి ఆ చిప్‌ను అవసరమైన కనెక్షన్లతో అమర్చి ఇచ్చేదే డెవలప్‌మెంట్ బోర్డు. విద్యార్థుల చేతిలో ఎక్కువగా కనిపించే ఆర్డ్యునో ఊనో అటువంటిదే. మూడు ఫేజుల మీటర్ల కోసమే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ చేసిన ఈ.వి.ఎం.430-ఎఫ్6779 మరొకటి. రెండూ బోర్డులే అయినా కొలతలో వాటి మధ్య తేడా చాలా ఉన్నది.

ఊనోలోని చిప్ ఒక సంకేతాన్ని 1024 మెట్లుగా మాత్రమే విభజించగలదు. 60 ఆంపియర్ల వరకు కొలిచేలా అమర్చితే, ప్రవాహం రెండు దిశలలోనూ 85 ఆంపియర్ల శిఖరానికి చేరుతుంది కనుక ఒక్కొక్క మెట్టు విలువ సుమారు 0.17 ఆంపియర్లు. 9 వాట్ల బల్బు తీసుకునే 0.04 ఆంపియర్లు ఆ మెట్ల మధ్యనే మరుగున పడిపోతాయి. మీటర్ల కోసం తయారైన చిప్‌లలోని 24 బిట్ల పరివర్తకాలకు ఈ ఇబ్బంది లేదు.

అసలు చిక్కు ఫేజు కోణం

మెట్ల సంగతి త్వరగా అర్థమవుతుంది. ఎక్కువగా మోసపోయేది కోణం దగ్గర. మోటారులో కరెంటు వోల్టేజీ కంటే కొంత వెనుకబడి నడుస్తుంది. అందుచేత వోల్టేజీని ఆంపియర్లతో గుణిస్తే నిజమైన శక్తి రాదు. 5 హెచ్.పి. మోటారు 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే సుమారు 4.66 కిలోవాట్లు తీసుకుంటుంది. పవర్ ఫ్యాక్టరు 0.8 అయితే ఉత్త గుణకారం 5.8 చూపుతుంది, అనగా పాతిక శాతం అధికం. వోల్టేజీ, కరెంటు రెండింటినీ ఒకే క్షణంలో కొలిచి, క్షణక్షణం గుణించి సగటు తీయడమే సరైన పద్ధతి.

ఊనో ఆ రెండింటినీ ఒకే క్షణంలో కొలవలేదు. ఒకదాని తరువాత మరొకటి చదువుతుంది. మధ్యలో కనీసం 104 మైక్రోసెకన్లు గడుస్తాయి. 50 హెర్ట్జ్ విద్యుత్తులో అది దాదాపు 2 డిగ్రీలకు సమానం. 0.8 పవర్ ఫ్యాక్టరు వద్ద దీనివల్ల లెక్క రెండున్నర శాతం వరకు తప్పుతుంది. ముందుగా చదివినది వోల్టేజీనా కరెంటునా అన్నదానిని బట్టి అది హెచ్చో తగ్గో అవుతుంది. పవర్ ఫ్యాక్టరు 0.6కు దిగితే తప్పు నాలుగున్నర శాతం. క్లాస్ 1 మీటరుకు సాధారణంగా అనుమతించే తేడా ఒక్క శాతమే. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు కూడా తన వంతు కోణాన్ని కలుపుతుంది. మీటరు కోసం చేసిన చిప్‌లు అన్ని మార్గాలనూ ఏకకాలంలో కొలిచి, మిగిలిన కోణాన్ని సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దుతాయి.

బిల్లుకు ఆధారమయ్యే మీటరు ఐ.ఎస్. 16444, సమాచార మార్పిడికి ఐ.ఎస్. 15959 ప్రమాణాలకు లోబడి ఉండాలి. ప్రయోగశాలలో చేసిన బోర్డు ఎంత చక్కగా పనిచేసినా ఆ స్థానంలోకి రాదు, సంస్థ వేసిన సీలు జోలికి పోరాదు. దాని చోటు మీటరు తరువాత, రైతు సొంత ప్యానెల్‌లో. అక్కడ అది ఏ చెరువుకు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో చూపుతుంది. మూడు ఫేజుల కరెంటును గమనిస్తూ ఒకటి పోగానే మోటారు కాలిపోకముందే రిలే తెంచి, జి.ఎస్.ఎం. మాడ్యూల్ ద్వారా ఫోనుకు కబురు పంపుతుంది. సరఫరా పూర్తిగా ఆగినా ఆ చివరి కబురు వెళ్ళేందుకు బోర్డుకు చిన్న బ్యాటరీ గానీ సూపర్ కెపాసిటర్ గానీ ఉండాలి. గుడ్లవల్లేరులో 1998 నుండి ఇంజనీరింగ్ కళాశాల ఉన్నందున ఇటువంటి పరికరాన్ని చెరువు గట్టునే పరీక్షించి చూడడం దుస్సాధ్యం కాదు.

అయితే ఒక ప్రమాదాన్ని గుర్తించాలి. మీటరు బోర్డులు కొన్నింటిలో సర్క్యూటు మొత్తం నేరుగా మెయిన్సుతో కలిసి ఉంటుంది. ఐసొలేషన్ లేకుండా ల్యాప్‌టాప్ తగిలిస్తే యంత్రం కాలిపోవచ్చు. తడి గట్టుపై నిలబడిన మనిషి ప్రాణానికే ముప్పు. క్లాంపు రకపు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు, ఐసొలేషన్ ఉన్న వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మరు వాడాలి. ఉప్పుగాలి సోకే చోట బోర్డుకు రక్షణ పూత, మూసిన పెట్టె తప్పనిసరి.

బోర్డు సరిగా లెక్కిస్తున్నదో లేదో తెలుసుకోవడానికి మీటరుపై మెరిసే ఎర్రదీపమే చాలు. దాని పక్కన యూనిట్‌కు ఎన్ని మెరుపులో ముద్రించి ఉంటుంది. 3200 అని ఉంటే, 1 కిలోవాట్ లోడుపై 100 మెరుపులకు 112.5 సెకన్లు పట్టాలి. మిగిలిన లోడులన్నీ ఆపి, మొదట హీటరు వంటి లోడుతో, తరువాత ఏరియేటరుతో పరీక్షించాలి. హీటరుతో రెండు లెక్కలూ కలిసి, మోటారుతో మాత్రమే విడిపోతే, సరిచేయవలసినది ఫేజు కోణాన్నే.